సారా మీద గొంతెత్తిన సంఘం బెట్టింగు మీద ఎందుకు మాట్లాడదు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంఘ కాపరులకు బహిరంగ లేఖ

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాలు నడిపే అమ్మగార్లకు, యౌవనస్థుల కూటాల నాయకులకు ప్రభువు పేరిట వందనాలు.

మేము ఈ రెండు జిల్లాల్లోని చిన్న క్రైస్తవ సంఘాల్లో కానుకల లెక్కలు రాసేవాళ్ళం, డ్వాక్రా సంఘాల పుస్తకాలు చూసేవాళ్ళం, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళం. ఈ బెట్టింగు సంగతి మీద పాస్టర్ల సహవాసానికి రెండుసార్లు రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. మొదటిసారి "ప్రార్థనాంశంగా పెట్టుకుందాం" అన్నారు. రెండోసారి జవాబే రాలేదు. అందుకే అందరికీ కనబడేలా రాస్తున్నాం. మీ మీద గౌరవం తగ్గి రాయడం లేదు. ఇంట్లో అప్పులోళ్ళు గొడవ చేస్తే ఆ ఇల్లాలు ముందు వచ్చేది మీ గుమ్మానికే, అందుకని రాస్తున్నాం.

పోలీసులకు రాయొచ్చు కదా అనే ప్రశ్న వస్తుంది. చట్టం ఇప్పటికే ఉంది. 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా నిషేధంలోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలు నడిపినవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. వాటికి ప్రచారం చేసినవాళ్ళకు రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఇంత చట్టం ఉన్నా ఆట ఫోనులోకి వస్తూనే ఉంది. ఒక యాప్ మూస్తే ఇంకో పేరుతో, ఇంకో లింకుతో, టెలిగ్రాం గ్రూపు నుంచి దిగుతోంది. పడకమంచం మీద, దుప్పటి కింద రాత్రి ఒంటిగంటకు ఆడే ఆటను కానిస్టేబులు చూడలేడు. తల్లి చూస్తుంది, భార్య చూస్తుంది. వాళ్ళు చెప్పుకునే చోటు మందిరం.

విషయాలు ఒక్కొక్కటిగా చెప్తాం.

1. ఏ నెలలో నష్టం ఎక్కువ?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు విరామం. ఐపీఎల్ దాదాపుగా మార్చి చివర మొదలై మే నెలంతా నడుస్తుంది. అంటే ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం పొడవునా మగవాళ్ళు పనిలేక ఇంటిపట్టున ఉండే రోజులూ, రోజూ సాయంత్రం మ్యాచ్ ఉండే రోజులూ ఒకటే. వేట విరామ భృతి కింద ప్రభుత్వం ఇచ్చే 20,000 రూపాయలు కూడా అప్పుడే ఖాతాలో పడతాయి. ఆ డబ్బు రెండు నెలల బియ్యానికి, వల బాగుచేసుకోవడానికి, ఇంజను మరమ్మతుకు ఇచ్చింది. పది మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 2,000 పందెం అనుకుంటే అయిపోయింది. జూన్ 15న తెప్ప నీటిలోకి దిగాలంటే మళ్ళీ దళారి దగ్గర చేయి చాపాలి. దళారి అప్పిచ్చాడంటే పట్టిన చేప అతను చెప్పిన రేటుకే అమ్మాలి. ఏప్రిల్‌లో ఆడిన ఆటకు ఏడాది పొడవునా చేప ధరలో కోత పడుతుంది. దీన్ని ఎవరూ బెట్టింగు నష్టం కింద లెక్క రాయరు.

మెట్ట ఊళ్ళలో నెల వేరు. సంక్రాంతి మూడు రోజులు కోడిపందేల బరి, దాని పక్కనే పాచికల గుండాట, పేకలతో మూడు ముక్కలాట. హైదరాబాదు, చెన్నై పనులకు వలసెళ్ళినవాళ్ళు ఏడాది కూలిని వెంట తెచ్చుకునేది ఆ వారమే.

ఒకటో తేదీన ముసలివాళ్ళకు 4,000 పింఛను అందుతుంది. పదో తేదీకి మందులకు డబ్బుల్లేవని వాళ్ళు మందిరంలో అంటే, మనవడి ఫోను ఒకసారి చూడమని అడగండి.

2. ఆట లెక్క

విశ్వాసులకు "పాపం" అని మాత్రమే చెప్తే కుర్రాళ్ళు వినడం లేదు. వాళ్ళకు లెక్క చెప్పాలి. ఈ లెక్క అయ్యగార్లకు తెలిసి ఉండాలని ఇక్కడ వివరంగా రాస్తున్నాం. యౌవనస్థుల కూటంలో నల్లబల్ల మీద వేసి చూపించండి.

గుండాట: ఆరు బొమ్మల గుడ్డ, మూడు పాచికలు. పెట్టిన బొమ్మ ఎన్ని పాచికల మీద పడితే అన్ని రెట్లు ఇస్తారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. మూడు పాచికలు 216 రకాలుగా పడగలవు. వాటిలో 125 సార్లు నీ బొమ్మ అసలు పడదు, 75 సార్లు ఒకదాని మీద, 15 సార్లు రెండిటి మీద, ఒక్కసారి మూడిటి మీదా పడుతుంది. పందేనికి 10 రూపాయల చొప్పున 216 సార్లు పెడితే పోయేది 1,250, వచ్చేది 750, 300, 30 కలిపి 1,080. నికరంగా 170 ఆడించేవాడి జేబులోకి. ఇది పాచికలు నిజాయితీగా ఉన్నప్పటి లెక్క. ఒకవైపు బరువు పెట్టిన పాచికలైతే లెక్కే అక్కర్లేదు.

క్రికెట్ పందెం: రెండు జట్లూ సమానమనుకోండి. వంద పెడితే గెలిచినవాడికి మొత్తం 190 ఇస్తారు, 200 ఇవ్వరు. వంద మ్యాచ్‌లకు వంద చొప్పున పెట్టి సగం సరిగ్గా చెప్పినవాడు 10,000 పెట్టి 9,500 తెచ్చుకుంటాడు. నష్టం లేకుండా ఉండాలంటేనే నూటికి 53 సార్లు సరిగ్గా చెప్పాలి. "ఐదు మ్యాచ్‌లు కలిపి పెడితే 24 రెట్లకు పైగా" అని ఊరించే పందెం ఇంకా అన్యాయం. ఐదూ సరిపోయే అవకాశం 32కి ఒకటి. 32 సార్లు వంద చొప్పున 3,200 పెడితే తిరిగొచ్చేది సుమారు 2,476. పెద్ద రెట్లు కనబడ్డ చోటే పెద్ద కోత ఉంటుందని కుర్రాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

విమానం పైకి లేచే ఆట: ఫోను తెర మీద విమానం లేచేకొద్దీ పందెం సొమ్ము పెరుగుతుంది, అది ఎగిరిపోయేలోగా డబ్బు వెనక్కి తీసుకోవాలి. నూటికి 97 తిరిగిస్తామని వాళ్ళు చెప్పుకున్నారనుకుందాం, అది నిజమనే నమ్ముదాం. ఒక్కో ఆట అర నిమిషం. ఆటకు వంద చొప్పున గంటకు 120 ఆటలు, అంటే 12,000 రూపాయల పందెం. నూటికి మూడు చొప్పున గంటకు 360 పోతుంది. పలాస జీడిపప్పు పరిశ్రమలో గింజ కొట్టి పప్పు తీసే తల్లికి ఒక రోజు కూలిలో పెద్ద భాగం అది. మూడు శాతం చిన్నదిగా కనబడుతుంది, వేగం దాన్ని పెద్దది చేస్తుంది. లాటరీ టికెట్టు రోజుల్లో మనిషి వారానికి ఒకసారి ఓడేవాడు.

"ఓడినప్పుడల్లా రెట్టింపు పెడితే ఎప్పుడో ఒకసారి గెలుస్తాం" అనే కిటుకు. 100, 200, 400, 800, 1,600, 3,200, 6,400: ఏడుసార్లు వరుసగా ఓడితే 12,700 పోయాయి. ఎనిమిదో పందేనికి 12,800 కావాలి. అది గెలిస్తే మొత్తం మీద మిగిలేది వంద రూపాయలు. ఆ వంద కోసం 25,500 బల్ల మీద పెట్టాడన్నమాట. ఏడు వరుస ఓటములు అరుదనుకుంటారు. సగం సగం అవకాశమున్న ఆటలో 128కి ఒకసారి వస్తాయి. గంటకు 120 ఆటలు ఆడేవాడికి ఇది రోజువారీ సంగతి.

కొందరు "మేము జూదం ఆడం, ట్రేడింగ్ చేస్తాం" అంటారు. షేర్ మార్కెట్లో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన చిన్న మదుపరుల్లో నూటికి 93 మంది మూడేళ్ళలో నష్టపోయారని 2024లో షేర్ మార్కెట్‌ను నియంత్రించే ప్రభుత్వ సంస్థ సెబీ తన అధ్యయనంలో చెప్పింది. పేరు మార్చితే లెక్క మారదు.

3. ఇంట్లో డబ్బు ఏ వరసలో పోతుంది

మొదట యాప్ వాడే వందో రెండొందలో బోనస్ ఇస్తాడు. మొదటి వారం గెలుపు వస్తుంది, డబ్బు ఖాతాలోకి తీసుకోనిస్తాడు కూడా. ఇది ఎర. పెద్ద మొత్తం వేశాక తీసుకోబోతే "పన్ను కట్టాలి, ముందు 30 శాతం జమ చెయ్యండి" అంటాడు. ఇది పచ్చి మోసం. ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద 30 శాతం పన్నును ఇచ్చేవాడే కోసుకుని ప్రభుత్వానికి కట్టాలి, ఆటగాడి చేత విడిగా జమ చేయించుకునే పద్ధతి లేదు.

తర్వాత స్నేహితుల దగ్గర చేబదుళ్ళు. ఆ తర్వాత అప్పు యాప్. 5,000 అప్పని చెప్పి, కోతలన్నీ పోను 3,500 చేతికిచ్చి, ఏడో రోజున 5,000 కట్టమంటాడు. వారానికి నూటికి 43 రూపాయల వడ్డీ అది. ఫోనులోని నంబర్లన్నీ ముందే లాక్కుని ఉంటాడు కాబట్టి కట్టకపోతే అత్తగారికి, మేస్త్రీకి, చివరకు అయ్యగారికి కూడా బూతు మెసేజీలు వెళ్తాయి. ఆ పరువు భయంతో రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి: 10,000 అని రాసి 8,500 ఇస్తాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. అదీ చాలకపోతే ఊళ్ళో మూడు రూపాయల వడ్డీ, ఏడాదికి నూటికి 36.

అప్పటికి ఇంట్లో బంగారం బ్యాంకులో ఉంటుంది. ఇక మిగిలింది భార్య పేరు మీద డ్వాక్రా అప్పు, స్త్రీనిధి అప్పు. "గేదె కొంటాను" అని రాయించి తీసుకుంటారు. గేదె రాదు. ఒక్క సభ్యురాలి వాయిదా తప్పితే సంఘం మొత్తానికి బకాయి పడుతుంది. వేళకు కట్టే సంఘానికి దక్కే వడ్డీ రాయితీ పోతుంది, వచ్చే విడత అప్పు ఆగుతుంది. ఆట ముఖం కూడా చూడని తొమ్మిది మంది ఆడవాళ్ళు దానికి జరిమానా కడతారు. ఆదివారం వాళ్ళు ఆ ఇల్లాలి పక్కన కూర్చోరు. మందిరంలో మాటలు ఆగిపోయిన జంటలు కనబడితే, కారణం చాలాసార్లు డ్వాక్రా అప్పుల పుస్తకంలోనే ఉంటుంది.

4. అద్దె ఖాతాలు

"నీ పాసు పుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే నెలకు ఐదు వేలు" అని కుర్రాళ్ళను అడిగేవాళ్ళు తిరుగుతున్నారు. బెట్టింగు సొమ్ము, సైబర్ మోసాల సొమ్ము ఆ ఖాతాల్లోంచే పారుతుంది. కేసు వచ్చినప్పుడు పట్టుబడేది ఖాతాదారుడే. ఖాతా స్తంభిస్తే తల్లి ఉపాధి హామీ కూలి, చెల్లి స్కాలర్‌షిప్ అదే ఖాతాలో ఉంటే అవీ ఆగిపోతాయి. ఇది బడి మానేసిన పిల్లలకు ముందు చెప్పాల్సిన మాట.

5. "బైబిల్లో జూదం అనే మాట ఎక్కడుంది?"

ఈ ప్రశ్న ఇప్పుడు యౌవనస్థులు సూటిగా అడుగుతున్నారు. "జూదమాడకూడదు" అనే ఆజ్ఞ అక్షరాలా లేదన్నది నిజం. ఆ సంగతి దాచి గద్దిస్తే, వాళ్ళు ఇంటికెళ్ళి వెతుక్కుని, దొరక్క, మీ మిగతా మాటలు కూడా నమ్మరు. ఒప్పుకుని, వాక్యం ఏం చెప్పిందో విప్పి చెప్పాలి.

చీట్లు వేసిన సంగతి బైబిల్లో ఉంది. మత్తీయను ఎన్నుకున్నప్పుడు అపొస్తలులు చీట్లు వేశారు (అపొ. కార్యములు 1:26). అక్కడ ఎవరి సొమ్మూ పందెం లేదు, ఒకడి నష్టం ఇంకొకడి లాభం కాలేదు. తీర్పు దేవునిదని నమ్మి తీసిన చీటీ అది (సామెతలు 16:33). ఇంకొక చీటీ కూడా ఉంది. సిలువ కింద సైనికులు కుట్టులేని అంగీ కోసం వేసుకున్నది (యోహాను 19:24). పైన ఒకడు చనిపోతుంటే కింద అతని బట్టకు పోటీ. మన ఊళ్ళలో నడిచేది ఈ రెండో చీటీ. ఎవడి బట్ట పోతోందో తల ఎత్తి చూడని ఆట.

పదో ఆజ్ఞ పొరుగువానిది ఆశించవద్దంది. పందెంలో గెలిచిన ప్రతి రూపాయీ ఓడిన పొరుగువాడిదే, మధ్యలో ఏ వస్తువూ పుట్టలేదు, ఏ పనీ జరగలేదు. ఎఫెసీ 4:28 డబ్బు సంపాదనకు మూడు మెట్లు చెప్పింది: దొంగతనం మానాలి, చేతులతో కష్టపడాలి, అక్కరలో ఉన్నవాడికి పంచాలి. జూదం మధ్య మెట్టును తీసేస్తుంది. మొదటి తిమోతి 6:9లో పౌలు "ధనవంతులగుటకు అపేక్షించువారు" అన్నాడు, ధనవంతులను అనలేదు. జేబులో వంద లేనివాడు కూడా ఆ అపేక్షలో ఉండొచ్చు. మన సంఘాల్లో ఎక్కువమంది పేదవాళ్ళు గనుక ఈ వాక్యం మనకు వర్తించదని అనుకోవడం వల్లే దీని మీద ప్రసంగాలు రాలేదు. యెషయా 65:11 అదృష్టాన్ని దేవతగా చేసి దానికి బల్ల సిద్ధం చేసినవాళ్ళను గద్దించింది. "ఈసారి లక్ కలిసొస్తుంది" అని ఫోను పట్టుకుని కూర్చునే విశ్వాసి, తను ఎవరి బల్ల దగ్గర కూర్చున్నాడో ఆలోచించుకోవాలి.

"గెలిస్తే దశమ భాగం ఇస్తాను ప్రభువా" అని మొక్కుకుని పందెం కాసేవాళ్ళున్నారు. దేవాలయ శిఖరం మీంచి దూకమన్న శోధకుడికి యేసు చెప్పిన జవాబే దీనికీ జవాబు: నీ దేవుణ్ణి శోధించవద్దు (మత్తయి 4:7).

మరొక వాక్యం మీద కూడా ప్రసంగం రావాలని మా కోరిక. ద్వితీయోపదేశకాండము 24:6 తిరగలి రాయిని తాకట్టు పట్టవద్దంది, ఎందుకంటే అది మనిషి బ్రతుకుతెరువు. ఇది అప్పిచ్చేవాడికి చెప్పిన ఆజ్ఞ. ఇప్పటి తిరగలి రాయి వల, ఇంజను, ఆటో, కుట్టుమిషను. వాటిని తాకట్టు పట్టి మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్ళలో మన విశ్వాసులూ ఉన్నారు, కొన్ని చోట్ల సంఘ పెద్దలూ ఉన్నారు. ఆడేవాణ్ణి గద్దించి, వాడికి అప్పిచ్చినవాడికి ముందు బెంచీ వేయడం తగదు.

6. మందిరంలోనే నడుస్తున్నవి

ఇది రాయడానికి మనసు ఒప్పుకోలేదు, కానీ ఇది చెప్పకుండా మిగతాది చెప్పే హక్కు మాకు లేదు.

కొన్ని సంఘాలు మందిర నిర్మాణం కోసం లక్కీ డిప్ కూపన్లు అమ్ముతున్నాయి: కూపను వంద, మొదటి బహుమతి ఫ్రిజ్. క్రిస్మస్ ట్రీ రోజున తంబోలా ఆడిస్తున్నారు. మొత్తం చిన్నదే. కానీ డబ్బు పెట్టి అదృష్టం చూసుకోవడం తప్పు కాదనే పాఠం ఎనిమిదేళ్ళ పిల్లాడికి మందిరంలోనే అందుతోంది. వాడికి ఇరవై ఏళ్ళొచ్చాక మనం ఏ ముఖంతో కాదంటాం?

విశ్వాసులే విశ్వాసులను చేర్పించే లక్కీ స్కీములు: నెలకు వెయ్యి, డ్రాలో పేరొస్తే వస్తువు ఇచ్చేస్తారు, ఇక వాయిదాలు కట్టక్కర్లేదు. గెలిచినవాడు కట్టనప్పుడు ఆ వస్తువు డబ్బు మిగతావాళ్ళ జేబులోంచే రావాలి. కొత్తవాళ్ళు చేరడం ఆగిన నెలలో స్కీము కూలుతుంది. ఇలాంటి ప్రైజు చీటీలను 1978 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. అందరూ చివరిదాకా కట్టి, పాట పాడుకుని, ఒక్కొక్కరు ఒక్కోసారి తీసుకునే రిజిస్టరైన చిట్టీ వేరు, అది పొదుపు. ఈ రెండిటి తేడా వేదిక మీంచి చెప్పండి. చాలామందికి తెలియదు.

"వెయ్యి విత్తండి, ప్రభువు నూరంతలు ఇస్తాడు" అనే విత్తన కానుక ప్రసంగాలు కూడా మా దృష్టిలో ఇదే కోవలోకి వస్తాయి. నూరంతల పంట వాక్యాన్ని విని హృదయంలో దాచుకున్నవాడి గురించి చెప్పింది, కానుక కవరు గురించి కాదు. అప్పులో మునిగినవాడు చివరి వెయ్యి ఆ కవరులో వేసి మరుసటి రోజు ఫోనులో డబ్బు కోసం చూస్తున్నాడంటే, అతని మనసులో ఆ రెండూ ఒకే రకం పందెం అయిపోయాయి.

బరి వేసేవాళ్ళ దగ్గర, పేకాట నడిపేవాళ్ళ దగ్గర మందిరానికి ఫ్యాన్లు, మైకు సెట్లు విరాళంగా తీసుకుంటున్నారు. యేసును అప్పగించినందుకు యూదా తీసుకుని, తర్వాత పారేసిన ముప్పై వెండి నాణేలను ప్రధాన యాజకులే కానుక పెట్టెలో వేయకూడదన్నారు (మత్తయి 27:6). వాళ్ళు చూపిన పాటి జాగ్రత్త మనం చూపలేమా?

7. ఆట మానలేనివాడితో వ్యవహరించే తీరు

ఎక్కువ సంఘాల్లో జరిగేది ఇది: ఆరాధనలో ముందుకు పిలుస్తారు, ఏడుస్తాడు, అందరి ముందు ప్రమాణం చేస్తాడు, చేతులుంచి ప్రార్థిస్తారు. ఇంటివాళ్ళు పొలం అమ్మి అప్పులన్నీ ఒకేసారి తీరుస్తారు. మూడు నెలల్లో మళ్ళీ మొదలవుతుంది. ఈసారి సిగ్గుతో మందిరానికి రాడు, అబద్ధాలు పెరుగుతాయి. కారణాలు రెండు. అప్పు ఒక్కసారిగా తీరితే కొత్త అప్పు దొరకడం తేలిక. రెండోది, ఇది అలవాటు ముదిరి జబ్బయిన స్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దీన్ని వ్యసన రోగంగా చేర్చింది. సారా మానలేనివాడిని మనం ఆసుపత్రికి పంపుతాం కదా, ఇదీ అంతే. ప్రార్థన మానమని మేము అనడం లేదు, ప్రార్థనతో పాటు ఇవి చేయండి:

మొదటి రోజు అప్పుల జాబితా రాయించాలి: ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, తాకట్టు ఏముంది. భార్య పక్కనుండాలి. మొదటిసారి చెప్పే మొత్తం దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది, వారం తర్వాత మళ్ళీ అడగండి. క్రెడిట్ బ్యూరోలు ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇచ్చే రిపోర్టు తెప్పిస్తే బ్యాంకు అప్పులు, గుర్తింపు ఉన్న అప్పు యాప్‌లు బయటపడతాయి.

రెండోది, డబ్బు చేతికి అందకుండా చేయాలి. అతని ఒప్పుదలతోనే కూలి, జీతం భార్య ఖాతాలోకి మళ్ళించాలి. యూపీఐ రోజు పరిమితి కనిష్ఠానికి తగ్గించాలి. యాప్‌లు తీసేసి, టెలిగ్రాం గ్రూపుల్లోంచి బయటకు రప్పించాలి. ఆరు నెలలు మామూలు బటన్ ఫోను వాడగలిగితే అన్నిటికన్నా మేలు.

అప్పు తీర్చే వరసలో ముందు బ్రతుకుతెరువు వస్తువుల తాకట్టు, తర్వాత డ్వాక్రా బకాయి, ఆ తర్వాత మిగతావి. డబ్బు అతని చేతికివ్వకుండా నేరుగా అప్పిచ్చినవాడికే కట్టి రసీదు తీసుకోవాలి. బెదిరించే అప్పు యాప్ మీద, డబ్బు తీసుకోనివ్వని మోసం మీద సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోను చేయాలి. ఎంత త్వరగా చెప్తే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. స్క్రీన్ షాట్లు, లావాదేవీ నంబర్లు చెరిపేయకూడదు. సిగ్గుతో ముందు చేసే పని అవి చెరిపేయడమే.

అన్నిటికన్నా ముఖ్యమైనది: "నేను లేకపోతే వీళ్ళకు అప్పుల బాధ ఉండదు" అనే మాట అతని నోట వస్తే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుల మందు ఉంటే తీయించండి. 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులకు గానీ, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ మీరే వెంట తీసుకెళ్ళండి. అయ్యగారు పక్కన నడిస్తే ఊళ్ళో ఆ మనిషిని పిచ్చివాడనరు. ఆత్మహత్య జరిగిన ఇంట్లో సమాధి కార్యక్రమానికి వెనకాడే సంఘాలున్నాయి. దయచేసి ఆ తల్లిని ఇంకోసారి శిక్షించకండి.

మా విన్నపాలు ఇవి. విన్నపాలన్నా, వీటికి జవాబు కావాలనే అడుగుతున్నాం.

ఒకటి: లక్కీ డిప్పులు, తంబోలా, కూపన్లు ఏ సంఘంలోనూ ఉండవని పాస్టర్ల సహవాసం లిఖితపూర్వకంగా తీర్మానం చేయాలి.

రెండు: జూదం నడిపేవాళ్ళ విరాళాలు తీసుకోరాదు. ఇప్పటికే తీసుకున్నవి ఉంటే వాటి విలువ మేరకు ఆ ఊళ్ళో నష్టపోయిన కుటుంబాల పిల్లల బడి ఖర్చులకు ఇవ్వాలి.

మూడు: సంఘం డబ్బు ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలోనే ఉండాలి. కానుకల క్యూఆర్ కోడ్ ఒక మనిషి పేరు మీద ఉండకూడదు. ప్రతి నెలా మొదటి ఆదివారం పాసు పుస్తకంలోని నిల్వ చదివి వినిపించాలి. లెక్కలు రాసే మాకే శోధన ఉంది, మా చేతులు కూడా కట్టండి.

నాలుగు: జీవనోపాధి వస్తువులు తాకట్టు పట్టేవాళ్ళు, బెట్టింగు యాప్‌లకు ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రచారం చేసేవాళ్ళు సంఘ పెద్దలుగా, పాటల బృందంలో, వేదిక మీద ఉండకూడదు. మానేస్తే మళ్ళీ చేర్చుకోండి.

ఐదు: ప్రతి మండలంలో ఒక అయ్యగారు, ఒక అమ్మగారు, లెక్క తెలిసిన ఒక విశ్వాసి కలిసి నెలకు రెండు రోజులు అప్పుల జాబితా రాసే పనికి కూర్చోవాలి. ఇతర మతాలవాళ్ళు వచ్చినా రాసిపెట్టాలి. అప్పుకు మతం లేదు.

ఆరు: సంక్రాంతికి ముందు ఆదివారం, ఐపీఎల్ మొదలయ్యే ముందు ఆదివారం దీని మీదే ప్రసంగం ఉండాలి, రెండో అంశంలోని లెక్కతో సహా.

ఏడు: బరులు, గుండాట, అద్దె ఖాతాల సమాచారంతో రెండు జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు సహవాసం తరఫున అర్జీ వెళ్ళాలి. మా సంతకాల కంటే మీ సంతకాలకు విలువెక్కువ.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారా గురించి వేదిక మీంచి మాట్లాడడానికి మన సంఘాలు ఎప్పుడూ జంకలేదు. సారా వాసన వచ్చేది, మనిషి తూలేవాడు, దారిలో పడిపోయేవాడు. ఇది వాసన రాదు. ఆడేవాడు తెల్ల చొక్కా వేసుకుని మీ ఎదుటే కూర్చుని ఆమేన్ అంటాడు.

వచ్చే ఏప్రిల్ 15న వేట విరామం మొదలవుతుంది. ఆ లోపు పాస్టర్ల సహవాసం సమావేశమై, పై ఏడింటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి ఒప్పుకోరో, ఎందుకో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. ఆ సమావేశానికి పిలిస్తే మా పొదుపు సంఘాల పుస్తకాలు, పేర్లు కనబడకుండా, తెచ్చి చూపిస్తాం.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరులు, సహోదరీలు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంఘాల లెక్కలు రాసేవాళ్ళు, పొదుపు సంఘాల పుస్తక నిర్వాహకులు, ఆదివారం బడి ఉపాధ్యాయులు